పులుసు మరగని పూట

మెకానిక్ సూరిబాబు ప్లగ్గు చూశాడు, వైరు చూశాడు, కాయిలు విప్పి మీటరు పెట్టి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కరెంటు పొయ్యి మాత్రం వెలగలేదు.

“పులుసు సగంలో ఉండగా ఆగిపోనాది బాబూ. మా ఆయన సంద్రం మీద వేట నుంచి వచ్చీసరికి వేడిగా ఉండాల,” అంది నూకరత్నం, దాకలోని వంజరం చేప ముక్కల మీద మూత పెడుతూ.

పొయ్యి అడుగున వెలుగుతున్న చిన్న తెల్లదీపం అప్పుడు కనబడిందతనికి. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇంట్లో మనిషి పోతే పొయ్యి వెలిగించకూడదన్న ఆచారాన్ని ఈ కాలపు పొయ్యిలు తు.చ. తప్పకుండా పాటిస్తాయి. ఇంటిల్లిపాది చేతిపట్టీల్లో నాడి ఆడుతున్నంతవరకే అవి వెలుగుతాయి. ఎవరి నాడి ఎంత దూరాన ఆగినా, కబురు ముందు పొయ్యికే చేరుతుంది; మంట ఆరి, అడుగున తెల్లదీపం వెలుగుతుంది. ఈ ఇంటికున్నవి రెండే పట్టీలు. ఒకటి ఎదురుగా నూకరత్నం చేతికుంది.

“ఏటైనాది బాబూ, కాయిలు మార్చాలా?”

సూరిబాబు విప్పిన స్క్రూలన్నీ మెల్లగా బిగించాడు.

“పొయ్యికేటీ అవలేదమ్మా,” అన్నాడు తలెత్తకుండా. “ఈ పూటకి పక్కింటోళ్ళని వండి తెమ్మని చెప్తాను.”

“పక్కింటోళ్ళెందుకు...” అనబోయి నూకరత్నం ఆగిపోయింది. తెల్లదీపం వంక చూసి, దాకను రెండు చేతులా పొదివి పట్టుకుని కూలబడింది.

దాక ఇంకా గోరువెచ్చగానే ఉంది.