అమ్మ ఇచ్చిన సీసా

పరిశోధన ఓడ బయల్దేరేలోగా బాలస్వామి ఫ్లోరైడ్ మీటరు సరిచూస్తున్నాడు. సముద్రపు నీళ్లకు ముల్లు ఒకటి దాటి ఆగింది. తాగే నీళ్లలో ఒకటిన్నర మించకూడదు; మించేకొద్దీ, ఏళ్లతరబడి తాగేవాళ్ల ఎముకలు వంకరపోతాయి.

చిట్యాల బస్సు ఎక్కేటప్పుడు అమ్మ ఇచ్చిన సీసా గుర్తొచ్చింది. వంగిన నడుముతో ఊరి నుంచి బస్సు దాకా మోసుకొచ్చింది.

"సముద్రంల అన్నీ ఉప్పు నీళ్లేనట గద బిడ్డా. మన బోరు నీళ్లు తాగు, తియ్యగుంటయి."

సీసాలో నీళ్లు గ్లాసులో పోసి చూస్తే ముల్లు తొమ్మిది మీద నిలిచింది. గ్లాసు మూడుసార్లు కడిగి మళ్లీ చూశాడు. తొమ్మిదే.

పోస్టుకార్డు తీసి రాశాడు: "అమ్మా, ఆ నీళ్లు తాగకు."

ఊళ్లో బావులన్నీ ఎండిపోయాయి. ఉన్నది ఆ బోరొక్కటే.

కార్డు చింపేసి ఇంకోటి రాశాడు: "అమ్మా, నీళ్లు మంచిగున్నయి. తాగుతున్న."