మిట్టకాడ బస్సు

కదిరప్ప బ్రేకు తొక్కినాడు. బస్సు కిర్రుమని నిలిచింది.

మిట్టకాడ ముసలాయన ఎత్తిన చెయ్యి దించి, నింపాదిగా నడుచుకుంటా డ్రైవరు కిటికీ కిందికి వచ్చినాడు.

“ఏమప్పా, ఇది రాయదుర్గం పోతాదా?”

“ఎనిమిదేండ్లుగా పోతానే ఉండాది. ఎక్కుతావా, ఎక్కవా?”

“ఎక్కనప్పా, ఊరికే అడిగితి. ఆ పక్క వాన ఏమన్నా పడిందా?”

“పడింటే ఇంత దుమ్మెందుకు లేస్తాది? జరుగు!”

“కోపం వద్దప్పా. నీ రేడియేటర్లో నీళ్లుండాయా?”

బస్సులో జనం నవ్వినారు. కదిరప్ప వెనక్కి తిరిగి కండక్టరు మీద అరిచినాడు.

“వెంకటేశులూ! రైట్ చెప్తావా, ఈ పిచ్చోనికి టీ తెప్పించేదా?”

వెంకటేశులు ఆడ ఎప్పుడూ తొందరపడడు. వెనక తలుపుకాడ నిలబడి, తీరిగ్గా రైట్ చెప్తాడు.

ఇది రోజూ ఉండేదే. కళ్యాణదుర్గం నుంచి పోయే దారిలో ఆ మిట్టకాడ రిక్వెస్టు స్టాపు. ఎవరన్నా చెయ్యెత్తితేనే ఆపల్ల. ముసలాయన రోజూ ఎత్తుతాడు. ఒక్కనాడూ బస్సెక్కినోడు కాదు.

ఎక్కేదీ దిగేదీ చూసుకోవడం కండక్టరు పని. కదిరప్ప కండ్లు గడియారం మీద ఉంటాయి, లేదంటే ముసలాయన మీద ఉంటాయి.

“ఇదే ఆఖరు,” అన్నాడు కదిరప్ప గేరు వేస్తా. “రేపట్నుంచి నేను రాను. ఇంకొకని ప్రాణం తీయి.”

“రిటైరా?” ముసలాయన తలెత్తి చూసినాడు. “ఇంక ఏం చేస్తావప్పా?”

“పండుకుంటా!”

“ఎన్ని దినాలు?”

కదిరప్ప బండి లాగించినాడు.

ఎన్ని దినాలో కాదు. వారానికే మంచం ముల్లయింది.

“నిద్రలో మంచం పట్టె మీద బ్రేకు తొక్కుతాండావు,” అనింది పెండ్లాం తిప్పమ్మ. “నవారు తెగుతాది.”

బామ్మర్ది వచ్చి సలహా చెప్పినాడు. “బీడీల అంగడి పెట్టు బావా. హాయిగా కూచొని చూసుకోవచ్చు.”

“పాతికేండ్లు కూచునే బతికితిని. ఇంక కూచునే పని చెయ్యను.”

“నిలబడే పని ఎవరిస్తారు నీకు, ఈ వయసులో?” అనింది తిప్పమ్మ.

“ఎవరూ ఇయ్యకపోతే నేనే వెతుక్కుంటా.”

ఎండాకాలం నడుమ కబురు తెలిసింది. రాయదుర్గంలో చెనక్కాయల మిల్లుకు మేస్త్రీ కావల్లంట. పొద్దంతా నిలబడే పని. కదిరప్ప ఉతికిన పంచె కట్టుకొని, తాను తోలిన బస్సే ఎక్కినాడు.

మిట్ట వచ్చింది. ముసలాయన లేడు. కొత్త డ్రైవరు కుర్రోడు, కండక్టరూ కొత్తోడే. బస్సు వేగం తగ్గలేదు.

పీడ వదిలిందనుకుంటా కదిరప్ప వెనక అద్దంలోంచి చూసినాడు.

దుమ్ములో మనుషులు ఉరుకుతాండారు. ఒకామె సంకన బిడ్డ. ఇంకో ఇద్దరి నెత్తిన మూటలు. వాళ్ల వెనక కర్ర పట్టుకొని ఒక ముసలమ్మ.

“ఆపప్పా!”

“ఎవరూ చెయ్యెత్తలేదు కదన్నా. టయమైతాంది.”

“ఆపమంటాంటే!”

ఫర్లాంగు దూరం పోయి ఆగింది. కదిరప్ప దిగినాడు. దిగీ దిగకనే బస్సు వెళ్లిపోయింది.

బిడ్డనెత్తుకున్నామె పేరు బయమ్మ. వగరుస్తా వచ్చి రోడ్డు మీదనే కూలబడింది. బిడ్డ ఒళ్లు కాలిపోతాంది.

“ముందే వచ్చి నిలబడకూడదామ్మా?”

“యాడ నిలబడేదన్నా, ఈ ఎండలో? చెట్టుందా, నీడుందా? బస్సు చెప్పిన టయానికి వస్తాదా? ఊరు మిట్ట ఆవల ఉండాది. మోత వినపడితే ఉరికొస్తాము. మారెప్ప ఉన్నన్నాళ్లు మాకీ అగచాట్లు లేవు. ముందే వచ్చి ఎండలో నిలబడి బస్సును ఆపేవాడు. మేము మిట్ట దిగేదాకా డ్రైవరుతో ఏదో ఒకటి మాట్లాడుతాండేవాడు.”

కదిరప్ప భుజం మీది తువ్వాలు తీసి బిడ్డకు నీడ పట్టినాడు.

“ఆ డ్రైవరు శానా కోపిష్టంట,” అనింది బయమ్మ. “తిట్లు మారెప్పకు, బస్సు మాకు.”

“ఆయన యాడుండాడిప్పుడు?”

“పోయినాడన్నా. ఉగాదికి ముందే. పండుకున్నోడు లేవలేదు.”

కదిరప్ప బిడ్డను చేతికి తీసుకున్నాడు. “రామ్మా, ఊర్లో నీడకు పోదాం. మధ్యాన్నం బస్సును నేను నిలబెడతా.”

ఊర్లోకి పోయినంక, బిడ్డను తల్లికిచ్చి మారెప్ప ఇల్లు అడిగినాడు. మారెప్ప పెండ్లాం సుంకమ్మ గడపలో విత్తనానికి చెనక్కాయలు వలుస్తాంది.

“నేనేనమ్మా ఆ డ్రైవరును.”

సుంకమ్మ చాటలోంచి తలెత్తింది. “రేడియేటరప్పవా? నీ తిట్లన్నీ ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు.”

కదిరప్ప కింద పడిన కాయ ఒకటి తీసి చాటలో వేసినాడు.

“మిల్లు పనికని పోతాంటి. ఇంక పోను. ఈ బస్సు నేను నిలబెడతా. రోజూ వస్తా.”

“ఎండప్పా.”

“ఉండనీ.”

“కొత్త డ్రైవరు తిడతాడు.”

“తిట్టనీ. తిట్లు నాకూ వచ్చు.”

ఆమె నవ్వింది. కాయలు పక్కకు జరిపి కూచోమనింది. అతను కూచోలేదు.

“నాకైతే రిటైరై పొద్దుపోదు. ఆయనకేమమ్మా అంత పట్టుదల?”

“ఆయన కూడా రిటైరైనోడేనప్పా. గుంతకల్లు కాడ రైల్వే గేటు కాపలా. ముప్పైయేండ్లు రైలు కోసరం జనాన్ని ఎండలో నిలబెడితినే, ఇంక జనం కోసరం బండిని నిలబెడతా అని ఇంటికొచ్చిన మర్నాడే మిట్టకు పోయినాడు.”