ఏడూ నలభై

మనవరాలి ఆయాసం ఇంకా తగ్గలేదు. స్కూలు ఆఫీసు గదిలో బెంచీ మీద కూర్చోబెట్టి ఇన్‌హేలర్ పట్టిస్తూనే, ఆయమ్మ ఎదురుగా నిలబడ్డ బస్సు డ్రైవర్‌ని చూపులతో కాల్చేస్తోంది.

"ఈ నెల్లో ఇది మూడోసారి మేడమ్. రెండో తరగతి కిటికీ కిందే బండి పెడతాడు, ఇంజిన్ ఆపడు. సంతకం పెట్టేయండి, పీడ విరగడైపోతుంది."

హెడ్‌మిస్ట్రెస్ ముందు ఫిర్యాదు కాగితం ఉంది. డ్రైవర్ పేరు రాసేశారు. సంతకం పడితే సాయంత్రానికి అతని ఉద్యోగం ఊడుతుంది.

"పాప నాకూ మనవరాలి లాంటిదే ఆయమ్మా," గొణిగాడు డ్రైవర్.

"వరసలు కలపకు. ముందు నీ పొగ ఆపు."

అంతలో మెకానిక్ ల్యాప్‌టాప్‌తో లోపలికొచ్చాడు. వారం కిందట గాలిలో దుమ్మూ పొగా కొలిచే మీటర్లు బిగించింది అతనే. గేటు దగ్గర ఒకటి, రెండో తరగతిలో ఒకటి.

"దొంగ దొరికాడా?" అంది ఆయమ్మ.

"టైము దొరికింది. రోజూ ఏడూ నలభైకి గది గాలి పాడవుతోంది."

డ్రైవర్ తలెత్తాడు. "నా బస్సొచ్చేది ఎనిమిదిన్నరకి."

"ముందే వచ్చి దాక్కుంటున్నావేమో."

"బస్సుని జేబులో పెట్టుకునా?"

"బస్సు పొగ కాదులెండి," అన్నాడు మెకానిక్. "ఆ టైముకి గేటు దగ్గర గాలి బాగానే ఉంది. దుమ్ము గదిలోనే లేస్తోంది. లేచింది గంటసేపు దిగట్లేదు."

"అయితే ఎవడో లోపలికి దూరుతున్నాడు. వాడెవడో తేల్చండి మేడమ్. ఎవడైనా సరే, వదలొద్దు."

హెడ్‌మిస్ట్రెస్ కలం పక్కన పెట్టారు. "అంత పొద్దున్నే ఆ గదిలో ఎవరుంటారు?"

పాప ఇన్‌హేలర్ పక్కకి తోసింది. "ఎవరూ రారు మేడమ్. నేనూ అమ్మమ్మే. బయటి పొగ నాకు పడదని కిటికీలన్నీ మూసేసి, అమ్మమ్మ రెండేసిసార్లు ఊడుస్తుంది. బోర్డు డస్టర్లు కూడా గోడకేసి దులుపుతుంది."

పాపకి మళ్లీ దగ్గు తెర వచ్చింది. ఆయమ్మ కొంగుతో మూతి తుడవబోయి ఆగిపోయింది. కొంగంతా తెల్లటి సుద్దపొడి.

కొంగు వెనక్కి లాక్కుని, రెండడుగులు దూరం జరిగి నిలబడింది.

"డ్రైవర్ పేరు కొట్టేయండి మేడమ్," అంది. "ఆయమ్మ అని రాయండి."