ఇరవై ఒకటో చెట్టు

"దీనికి కాషాయం లేదు మాస్టారూ. దీన్ని కొట్టేస్తాం," అన్నాడు కరెంటు కంపెనీ మేస్త్రీ విచియన్, రంపం చేతిలోకి తీసుకుంటూ.

వీధి వీధంతా నోరు తెరిచింది. లాంఫూన్ వెళ్లే పాత రోడ్డు మీద ఇరవై ఒక్క నిద్రగన్నేరు చెట్లున్నాయి. పోయినేడు తీగలకు తగిలే కొమ్మలు కొడతామని వచ్చి, సంత వైపు చెట్లన్నిటినీ మొండేలు చేసి పోయారు ఈ కంపెనీ వాళ్లు. అందుకే ఈసారి జనం గుడి నుంచి భిక్షువును పిలిచి, చెట్టు చెట్టుకీ కాషాయం చుట్టించి దీక్ష ఇప్పించారు. దీక్ష పుచ్చుకున్న చెట్టు మీద రంపం పెట్టే మొనగాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. విచియన్ కూడా ఒక్కో చెట్టుకీ చేతులు జోడించి, తీగకు ఆనిన రెమ్మలు నాలుగు తుంచుకుంటూ వచ్చాడు. చివరి చెట్టు ప్రయూన్ మాస్టారి గేటు పక్కన ఉంది. దాని మాను బోసిగా ఉంది.

"నిన్న సాయంత్రం నేనే చూశాను, ముడి గట్టిగానే ఉంది," అంది బట్టలు కుట్టే నోయ్. "పొద్దున్నకల్లా రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"ఎగరడమేంటి, వీళ్లే లాగేసుంటారు!" ఎవరో అరిచారు. "మాస్టారూ, మీరు చెప్పండి. వీళ్ల పనేగా?"

అందరూ ఆయన వైపే చూశారు. చూడరూ మరి! ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది ఆయన. భిక్షువును పిలుచుకొచ్చింది ఆయన. ఇప్పుడు చేతిలో మైకు పట్టుకున్నదీ ఆయనే.

కాషాయం ఆయన కారు డిక్కీలో, స్పేరు టైరు కింద ఉంది.

ఆ చెట్టు వేళ్లు కొత్తగా వేయించిన వాకిలి గచ్చును పగలగొట్టాయి. చెట్ల కోసం గొంతు చించుకుంటున్న మనిషి నా చెట్టు కొట్టండని ఏ నోటితో అడుగుతాడు? గుడ్డ విప్పేస్తే చాలు, పాపం కంపెనీది, గచ్చు తనది అనుకున్నాడు.

"వీళ్లు కాక ఇంకెవరు?" అనేశాడు మైకులో.

విచియన్ మొహం కందిపోయింది. నెత్తిన ఉన్న టోపీ తీశాడు.

"మా అమ్మ పోయిన రోజున గుండు చేయించుకుని నేనూ కాషాయం కట్టినవాణ్ణే మాస్టారూ. అన్నం తినే వాడెవడైనా దాని మీద చెయ్యేస్తాడా?" టోపీతో మొహం తుడుచుకున్నాడు మేస్త్రీ. "కానీ ఇరవై ఒకటికీ ఆర్డరు ఉంది. ఒక్కటీ కొట్టకుండా పోతే రేపు ఇంకో మేస్త్రీని పంపుతారు. వాడికి దేవుడూ లేడు, దయ్యమూ లేదు. ఒక్కటి కొట్టానని రాసుకుంటే మిగతావాటికి ఏదో సర్దిచెప్పుకుంటాను."

ప్రయూన్ తల వాలిపోయింది. నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. నలభై మంది ఎదురుగా ఉన్నారు. వాళ్లలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. మైకు కట్టేసి కింద పెట్టాడు.

అప్పుడు రోడ్డుకు అటువైపు నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది బువాఫన్. పదిహేనేళ్లుగా మాస్టారి గేటుకు ఎదురు చెట్టు కింద బండి పెట్టుకుని, కాల్చిన మాంసం పుల్లలు, జిగురన్నం అమ్ముకుంటోంది.

"తగువెందుకయ్యా? కావాల్సింది ఒక్క చెట్టేగా. నా బండి దగ్గరది కొట్టుకోండి."

తన చెట్టుకు మూడుసార్లు దణ్ణం పెట్టి, కాషాయం ముడి విప్పడం మొదలుపెట్టింది.

"మతిపోయిందా అక్కా? దీక్ష విప్పితే పాపం!" అంది నోయ్.

"మా వాడు వానాకాలం మూడు నెలలూ సన్యాసం పుచ్చుకుని, నాలుగో నెల కాషాయం విప్పేసి పెళ్లి చేసుకోలేదూ? వాడికి లేని పాపం చెట్టుకొచ్చిందా?"

జనం నవ్వారు.

"మన కోసం ఇంత తిరిగిన మాస్టారి వాకిట్లో మొండెం నిలబడితే వీధికేం మర్యాద?" అంటూ ఆ గుడ్డ తెచ్చి ఆయన చెట్టుకు చుట్టి, గట్టిగా ముడేసింది.

"వద్దక్కా..." అన్నాడు ప్రయూన్. ఆ మాట ఆయనకే వినపడలేదు. చుట్టూ చప్పట్లు మోగుతుంటే చెంపల మీద పడుతున్నట్టే ఉంది.

మధ్యాహ్నానికి ఎదురు చెట్టు నేల కూలింది. సాయంత్రం దాకా బువాఫన్ తువ్వాలు నెత్తిన కప్పుకుని ఎండలోనే అమ్మింది. కిటికీ తెరలు వేసుకుని కూర్చున్నా, ఆ పొగ వాసన మాస్టారిని వదల్లేదు. అన్నం సయించలేదు.

మర్నాడు తెల్లారుతూనే ఇంట్లో ఉన్న పెద్ద గొడుగు మోసుకుంటూ రోడ్డు దాటాడు.

"ఇది నీ బండికి పెట్టుకో అక్కా. నీడకి."

"అయ్యో, మీకెందుకు మాస్టారూ శ్రమ!" అని తీసుకుని, మొద్దు పక్కన ఆనించింది.

"నా చెట్టు కోసం నీ నీడ పోగొట్టుకున్నావు. ఎందుకు చేశావు చెప్పు?"

"మీ చెట్టు కోసం కాదు. నిన్న అంతమందిలో మీ పరువు పోయుంటే, రేపటి నుంచి మీ మాట ఎవరు వింటారు? ఇరవై చెట్లూ పోయేవి."

"నా పరువెందుకు పోతుంది?" అన్నాడు ప్రయూన్.

బువాఫన్ పుల్లలు తిరగేసి, అరిటాకులో జిగురన్నం పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది.

"ముందు ఆ మేస్త్రీ దగ్గరికెళ్లి ఓ దణ్ణం పెట్టి రండి. తర్వాత ఆ టైరు కిందది ఉతికి గుళ్లో ఇచ్చేయండి," అంది తలెత్తకుండా. "నేను పొయ్యి రాజేసేది తెల్లవారుజామున నాలుగింటికి మాస్టారూ, మీ గేటుకెదురుగానే."