అమ్మ ఎక్కితేనే ఆగే కారు

"మీరు అమ్మింది కారు కాదు, మోసం. మనుషుల పానాలతో ఆడుకుంటాండారు."

రేణిగుంట రోడ్డులోని ఎలక్ట్రిక్ కార్ల షోరూంలో గిరి అరుస్తున్నాడు. వెనక అతని మేనమామ గురప్ప. బల్లకు అవతల మేనేజర్ రూపశ్రీ.

గిరిది పుత్తూరు. తల్లి ఆనందమ్మకు కిడ్నీలు పోయాయి. తిరుపతి ఆసుపత్రిలో డయాలసిస్. ఒక్కసారి తప్పినా ఒళ్లు ఉబ్బిపోతుంది, ఊపిరాడదు. ఆమె కోసమే పాత డీజిల్ బండి అమ్మేసి, చైనా నుంచి దిగుమతైన ఈ కారు కొన్నాడు. కుదుపుండదు, పొగుండదు అన్నారు. ఎదురుగా ఏదైనా అడ్డమొస్తే దానంతటదే ఆగుతుందని కూడా గొప్పలు చెప్పారు.

ఆగుతోంది. అడ్డమేమీ లేకుండానే. అదీ ఆసుపత్రికి పోయే రోజే.

మామూలుగా అంగడికి పోతే పరుగో పరుగు. అమ్మను ఎక్కించుకుంటే గేటు దాటదు. లారీ మీద షోరూంకు తెస్తే షెడ్డువాళ్లు కడిగి, తుడిచి, నడిపి చూపించి, ఏ లోపమూ లేదంటారు. ఏదో సామాను చైనా నుంచి రావాలన్నా బాగుండు, ఎదురుచూడొచ్చు. అదీ అనరు.

"ఆటబొమ్మకు నంబరు ప్లేటు వేయించుకున్యావు గదరా," అని గురప్ప మొదటిరోజే ఎగతాళి చేశాడు. ఆ మాటతోనే ఆనందమ్మకు బండంటే బెదురు పట్టుకుంది. ఆసుపత్రి రోజు తలకు పోసుకుని, బండికి పూజ చేసుకుని, వణుకుతూ ఎక్కేది. మొన్న అది ఆగిపోయి, ఆటో దొరికి ఆసుపత్రి చేరేసరికి ఆమె పెదాలు నల్లబడ్డాయి.

"రేపు మాయమ్మను తీసకపోవల్ల. నువ్వే వచ్చి సూడు. మళ్లా ఆగితే బండి తెచ్చి మీ వాకిట్లోనే తగలబెడతా," అన్నాడు గిరి.

మరుసటి పొద్దున రూపశ్రీ పుత్తూరు వచ్చింది. ఆనందమ్మ అప్పటికే వెనక సీట్లో ఆయాసపడుతోంది. గిరి బండి తీశాడు. మూరెడు కదిలింది. తెర మీద ఎర్రగుర్తు వెలిగింది. బండి టక్కున ఆగింది.

"సూసినావా? ఇప్పుడేమంటావు?" అన్నాడు గురప్ప.

రూపశ్రీ బండి ముందుకు పోయి వంగి చూసింది. తిరిగి ఆనందమ్మ కూర్చున్న వైపు అద్దం దగ్గరికి వచ్చింది.

"బండి ఆగకూడదని నువ్వు ముందర వేలాడగట్టిన నిమ్మకాయల దండను చూసే అది ఆగుతాండాది పెద్దమ్మా, ఇప్పుడే దాన్ని తెంచెయ్యమను నీ కొడుకును."