ముందు ఎగిరే బాతు

అడవిబాతుల గుంపుకు ఏడేళ్లుగా బూడిదమ్మే ముందుండి దారి చూపేది. కిందటేడు పొగమంచులో అది కొండను ఆలస్యంగా చూసి పక్కకు తిరిగింది. వెనకున్న రెండు కుర్ర బాతులు బండకు కొట్టుకుని చచ్చిపోయాయి.

మళ్ళీ వలస వెళ్లే రోజు వచ్చింది.

"ఈసారి నేను వెనక వస్తాను," అంది బూడిదమ్మ.

"అదే మంచిది," అన్నాయి బాతులు.

చనిపోయిన పిల్లల తల్లి తెల్లరెక్క ముందుకొచ్చింది. "వదినా, ఆ రోజు తప్పెక్కడ జరిగింది?"

"మంచు కమ్మగానే దిగిపోవాల్సింది. దారి నాకు తెలుసులే అనుకున్నాను."

"మళ్ళీ కమ్మితే?"

"ఎవరేమన్నా దిగిపోతాను."

"అయితే నువ్వే ముందుండు. ఆ తెలివి కోసం నా పిల్లల ప్రాణాలు పోయాయి. దాన్ని వెనక ఎగరనివ్వను."

కొండల దగ్గర మంచు కమ్మింది. బూడిదమ్మ వెంటనే దిగింది. బాతులు సణుగుతూ రెండు రోజులు గడ్డిలో కూర్చున్నాయి. మూడో రోజు ఎండ రాగానే ఎగిరి, ఒక్కటీ తగ్గకుండా సరస్సు చేరాయి.