తూర్పు వరుస

శుక్రవారం ఉదయం పదకొండింటికి, పరాయిదేశంలో టార్నీట్ అనే శివారు దాటాక ఉన్న సమాధుల తోటలో, రత్నరాజు శవపెట్టెను గుంటలోకి దించకుండా అమృతం ఆపింది.

"కాళ్లు ఎటున్నాయి?" అని అడిగింది.

పాస్టరు గిడియన్ చుట్టూ చూశాడు. "ఉత్తరానికి, అమృతమ్మగారూ. ఈ వరుసంతా అంతే."

"తూర్పుకుండాలి. ప్రభువు వచ్చిననాడు లేచి నిలబడితే ఆయన ఎదురుగా కనపడాలి. మన ఊళ్లో ఎవర్నన్నా ఇట్టా అడ్డంగా పెట్టామా?"

"ప్రభువుకి దిక్కులతో పనేముందమ్మా?"

"ఆయనకి లేదు. రాజుకుంది. అటు తిప్పి పెడితే సిగ్గుపడి అటే చూస్తా నిలబడతాడు. ఎదురుగా పెడితే తప్పించుకోలేడు."

కూతురు ఫేబీ ఆమె చెయ్యి పట్టుకుంది. "మమ్మీ, ప్లీజ్. ఫ్యునెరల్ నువ్వు చెయ్యడమే టూ మచ్."

"ఇంకెవరున్నారే వాడికీ దేశంలో? ప్రతి ఆదివారం అన్నం మనింట్లోనేగా తిన్నాడు."

"నేనా టేబుల్ దగ్గర ఒక్కసారి కూడా కూర్చోలేదు."

తోట సూపర్‌వైజర్ వచ్చాడు. తవ్విన గుంటను తిప్పడం కుదరదన్నాడు. తూర్పు వరుసలో అమ్మకానికి చోటు మిగల్లేదన్నాడు. ఇప్పుడు దించకపోతే పెట్టెను వెనక్కి పంపిస్తానన్నాడు.

"నా చోటుందిగా," అంది అమృతం.

ఫేబీ గొంతు లేచింది. "నో వే! అది జోయెల్ పక్కది. అన్నయ్య పక్కన నువ్వుంటానని కొనుక్కున్నావ్. అక్కడ వీణ్ణి పెడతావా?"

"నన్నెక్కడ పెట్టినా నేను ప్రభువుని గుర్తుపడతా."

"అందరూ ఏమంటారు మమ్మీ?"

"అననియ్యి. రాజుకి లేవడానికి కాళ్లాడకపోతే పక్కన జోయెల్ ఉంటాడు, చెయ్యందిస్తాడు."

గిడియన్ బైబిలు మూశాడు.

సూపర్‌వైజర్ తెచ్చిన కాగితం మీద అమృతం సంతకం చేసింది. ఫేబీ వెళ్లి కారులో కూర్చుని తలుపు వేసుకుంది. తవ్వే యంత్రం వచ్చింది. అది పని చేసినంతసేపూ అమృతం పెట్టె పక్కనే నిలబడింది. కుర్చీ తెచ్చినా కూర్చోలేదు.

మూడింటికి రత్నరాజును కాళ్లు తూర్పుకుంచి దించారు. అమృతం మొదటి పిడికెడు మట్టి వేసింది. కారు తలుపు తెరుచుకుంది. ఫేబీ వచ్చి రెండో పిడికెడు వేసింది.

జోయెల్‌ను చంపిన కారు నడిపింది రత్నరాజు.